ధ్రువణ సెన్సర్లతో పదార్థాల గుర్తింపు

ఈ పాఠం చదివిన తరువాత మీరు నాలుగు పిక్సెళ్ల తీవ్రతల నుంచి కాంతి ధ్రువణ స్థాయిని, ధ్రువణ దిశను లెక్కించగలుగుతారు. ఒకే దీపం కింద లోహం ఒకలాగా, ప్లాస్టిక్ లేదా గాజు మరోలాగా ఎందుకు ప్రవర్తిస్తాయో వివరించగలుగుతారు. అలా వచ్చిన కొలతను చూసి పదార్థం గురించి ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో కూడా నిర్ణయించగలుగుతారు. వీటిలో చివరిదే కష్టం. పరీక్షలో మార్కులు ఎక్కువగా మొదటి రెండింటికి వస్తాయి గాని, రేపు ఏ పరిశ్రమలోనో ఇలాంటి కెమెరా ముందు కూర్చున్నప్పుడు అక్కరకు వచ్చేది ఆ చివరిదే.

ఈ పాఠానికి కావలసిన పూర్వజ్ఞానం కొద్దిపాటిదే. కాంతి తిర్యక్ తరంగమని, దాని విద్యుత్ క్షేత్రం ప్రయాణ దిశకు లంబంగా కంపిస్తుందని మీకు తెలుసు. ఆ కంపనాలు అన్ని దిశల్లోనూ సమానంగా ఉంటే అది అధ్రువిత కాంతి, ఒకే దిశలో ఉంటే తలధ్రువిత కాంతి. మాలస్ నియమం, బ్రూస్టర్ నియమం మరచిపోయి ఉంటే ఒకసారి తిరగేసి రండి.

సమస్య ఏమిటి?

మందుల దుకాణంలో కొన్న మాత్రల పట్టీని ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఒకవైపు పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగలు, రెండోవైపు అల్యూమినియం రేకు ఉంటాయి. దాన్ని ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూడండి. రేకు మీద తెల్లని మెరుపు కనిపిస్తుంది, ప్లాస్టిక్ మీద కూడా తెల్లని మెరుపే కనిపిస్తుంది. రెండు మెరుపుల రంగూ ఒకటే, ఎందుకంటే అది ట్యూబులైటు రంగు. కంటికి చిక్కు లేదు. పట్టీ ఆకారం, చేతికి తగిలే స్పర్శ, పాత అనుభవం అన్నీ కలిసి సాయం చేస్తాయి. కెమెరాకు ఇవేవీ లేవు. మామూలు రంగుల కెమెరా ప్రతి బిందువు దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలను మాత్రమే ఇస్తుంది. మెరుపు ఉన్నచోట ఆ మూడూ గరిష్ఠానికి చేరుకుంటాయి.

ఇప్పుడు ఒక ప్యాకింగ్ లైనును ఊహించండి. పట్టీలు వేగంగా కదులుతున్నాయి. ఒక బుడగ మీద చిన్న తెల్లటి మచ్చ కనిపించింది. అది ప్లాస్టిక్ మెరుపా, లేక తెగిపోయిన రేకు తునక అక్కడ అంటుకుందా? మెరుపును రేకు అనుకుంటే మంచి పట్టీ చెత్తబుట్టలోకి పోతుంది. రేకును మెరుపు అనుకుంటే ఆ తునక రోగి దాకా వెళుతుంది. రెండు పొరపాట్లకూ ఖరీదు ఉంది, కానీ రెండూ సమానం కావు. ఈ తేడాను పాఠం పొడవునా మనసులో ఉంచుకోండి.

పరావర్తనం దాచి ఉంచే సమాచారం

1808లో పారిస్‌లో ఎటియెన్ లూయీ మాలస్ లక్సెంబర్గ్ ప్రాసాదపు కిటికీ అద్దాల మీద పడి పరావర్తనం చెందుతున్న సూర్యకాంతిని ఒక కాల్సైట్ స్ఫటికం గుండా చూశాడు. ఆ స్ఫటికం ప్రతి వస్తువుకూ రెండు ప్రతిబింబాలు చూపిస్తుంది. స్ఫటికాన్ని తిప్పుతూ ఉంటే ఆ రెండింటిలో ఒకటి మసకబారి, మరొకటి ప్రకాశవంతం కావడం ఆయన గమనించాడు. అంటే గాజు మీద పరావర్తనం చెందడం వల్లనే కాంతి ధ్రువణం చెందుతోంది. మన కెమెరా చేసే పని మూలంలో ఇదే.

దీన్ని ఎలక్ట్రాన్ల భాషలో ఆలోచిద్దాం. ఉపరితలం మీద పడే కిరణం, ఉపరితలానికి గీసిన లంబం, ఈ రెండూ ఉండే తలమే పతన తలం. పడుతున్న కాంతిని రెండు అంశాలుగా విడగొట్టవచ్చు: పతన తలానికి లంబంగా కంపించే అంశం, పతన తలంలోనే కంపించే సమాంతర అంశం. గాజు, ప్లాస్టిక్, నీరు, పింగాణీ వంటి విద్యుత్ ప్రవహించని పదార్థాలను రోధకాలు అంటాం. వీటిలో ఎలక్ట్రాన్లు తమ పరమాణువులకు కట్టుబడి ఉండి, వచ్చిన క్షేత్రానికి అనుగుణంగా ఊగుతూ తిరిగి కాంతిని వెదజల్లుతాయి. ఊగే ఎలక్ట్రాన్ తాను ఊగే దిశలో కాంతిని వెదజల్లలేదు. ఒక ప్రత్యేక పతన కోణం దగ్గర, సమాంతర అంశం వల్ల ఊగుతున్న ఎలక్ట్రాన్ల దిశ సరిగ్గా పరావర్తన కిరణం వెళ్ళవలసిన దిశతో ఏకీభవిస్తుంది. అప్పుడు ఆ అంశం పరావర్తనంలో ఉండనే ఉండదు, మిగిలేది లంబ అంశం ఒక్కటే. ఈ కోణాన్ని 1815లో డేవిడ్ బ్రూస్టర్ వక్రీభవన గుణకంతో ముడిపెట్టాడు: కోణపు టాంజెంట్ విలువ వక్రీభవన గుణకానికి సమానం. నీటికి ఇది సుమారు 53°, మామూలు గాజుకు సుమారు 56°.

లోహంలో కథ వేరు. అక్కడ ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి, ఏ దిశలో క్షేత్రం వచ్చినా బలంగా స్పందిస్తాయి. అందువల్ల రెండు అంశాలూ దాదాపు పూర్తిగా వెనక్కి వస్తాయి. 56° దగ్గర అల్యూమినియం లంబ అంశంలో సుమారు 95 శాతాన్ని, సమాంతర అంశంలో సుమారు 85 శాతాన్ని పరావర్తనం చేస్తుంది. అదే కోణంలో గాజు లంబ అంశంలో సుమారు 15 శాతాన్ని పంపుతుంది, సమాంతర అంశంలో దాదాపు ఏమీ పంపదు.

కాబట్టి లంబ అంశపు తీవ్రతను సమాంతర అంశపు తీవ్రతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి లోహానికీ రోధకానికీ తేడా చెప్పగలదు. దీపం ఎంత ప్రకాశవంతమైనదన్న ప్రశ్న ఈ భాగహారంలో కొట్టుకుపోతుంది. 1990లో లారెన్స్ వోల్ఫ్ ఇదే నిష్పత్తి ఆధారంగా, కెమెరా చిత్రాల్లో లోహాలను రోధకాల నుంచి వేరుచేసే పద్ధతిని ప్రచురించాడు. అల్యూమినియం, గాజు (గుణకం 1.5) కోసం ఫ్రెనెల్ సమీకరణాలతో లెక్కించిన విలువలు ఇవి:

| పతన కోణం | గాజు నిష్పత్తి | అల్యూమినియం నిష్పత్తి |
|---|---|---|
| 10° | 1.09 | 1.00 |
| 20° | 1.4 | 1.01 |
| 40° | 5.4 | 1.05 |
| 56° | చాలా పెద్దది | 1.1 |
| 75° | 3.7 | 1.3 |

ఈ పట్టికను తొందరపడి దాటిపోకండి. 40°, 56° వరుసలు చూస్తే పద్ధతి అద్భుతంగా ఉందనిపిస్తుంది. 10° వరుస చూస్తే ఆ ఉత్సాహం తగ్గుతుంది. 10° దగ్గర ఉన్న గాజు, 56° దగ్గర ఉన్న అల్యూమినియం రెండూ ఇంచుమించు ఒకే సంఖ్య ఇస్తున్నాయి. కోణం తెలియకుండా నిష్పత్తి ఒక్కటే చేతిలో ఉంటే ఏది ఏదో చెప్పలేం.

సెన్సర్ ఎలా కొలుస్తుంది?

వోల్ఫ్ కాలంలో కెమెరా ముందు ధ్రువణకారిని పెట్టి, దాన్ని తిప్పుతూ ఒకదాని తర్వాత ఒకటిగా చిత్రాలు తీసేవారు. కదలని వస్తువుకు అది సరిపోతుంది. పరుగెడుతున్న ప్యాకింగ్ లైనులో రెండో చిత్రం తీసేసరికి పట్టీ ముందుకు జరిగిపోతుంది. అందుకే ధ్రువణకారులను చిప్ మీదకే తెచ్చారు. 2018లో వచ్చిన సోనీ ఐఎంఎక్స్250ఎంజెడ్ఆర్ సెన్సర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని మీద 2448 × 2048 పిక్సెళ్లు ఉన్నాయి, ఒక్కో పిక్సెల్ భుజం 3.45 మైక్రోమీటర్లు. ప్రతి పిక్సెల్ మీదా, సూక్ష్మ కటకానికి కింద, కాంతి తరంగదైర్ఘ్యం కన్నా సన్నని తీగల వరుస ఒకటి ఉంటుంది. పక్కపక్కన ఉన్న నాలుగు పిక్సెళ్లలో ఈ ధ్రువణకారుల దిశలు 0°, 45°, 90°, 135°. ఈ నలుగురి బృందమే చిత్రమంతా పునరావృతమవుతుంది.

తీగల వరుస పనిచేసే తీరు గురించి విద్యార్థుల్లో ఒక అపోహ తరచుగా కనిపిస్తుంది. కంచె సందుల్లోంచి తాడును ఊపితే నిలువు కంపనమే దాటుతుందని చిన్న తరగతుల్లో చెప్పిన పోలికే దీనికి కారణం. తీగలకు సమాంతరంగా ఉన్న క్షేత్రం తీగల్లోని ఎలక్ట్రాన్లను పొడవునా నడిపిస్తుంది, ఫలితంగా ఆ కాంతి వెనక్కి పోతుంది. తీగలకు అడ్డంగా ఉన్న క్షేత్రానికి ఎలక్ట్రాన్లు పరుగెత్తే చోటు లేదు, అందువల్ల ఆ కాంతి దాటుతుంది. అంటే కంచె పోలికకు సరిగ్గా వ్యతిరేకం. 1888లో హైన్‌రిక్ హెర్ట్జ్ రేడియో తరంగాల మీద చేసిన ప్రయోగాల్లో తీగల చట్రం ఇలాగే పనిచేసింది. తరంగం చిన్నదయ్యేకొద్దీ తీగల మధ్య దూరం కూడా చిన్నదవ్వాలి. కాంతి దాకా రావడానికి అందుకే అంతకాలం పట్టింది.

నాలుగు పిక్సెళ్ల తీవ్రతలను తీ₀, తీ₄₅, తీ₉₀, తీ₁₃₅ అందాం. 1852లో జార్జ్ స్టోక్స్ ప్రవేశపెట్టిన పరామితుల్లో మూడింటిని వీటి నుంచి రాబట్టవచ్చు:

స₀ = తీ₀ + తీ₉₀
స₁ = తీ₀ − తీ₉₀
స₂ = తీ₄₅ − తీ₁₃₅

స₀ మొత్తం తీవ్రత. స₁, స₂ వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి స₀ తో భాగిస్తే ధ్రువణ స్థాయి వస్తుంది. పూర్తిగా అధ్రువితమైతే అది 0, పూర్తిగా తలధ్రువితమైతే 1. స₂ ను స₁ తో భాగించి, టాంజెంట్ విలోమం తీసి, సగం చేస్తే ధ్రువణ దిశ వస్తుంది. బ్రూస్టర్ కోణాన్ని కొన్ని పుస్తకాలు ధ్రువణ కోణం అని పిలుస్తాయి. దాన్ని, ఈ ధ్రువణ దిశను కలిపివేయకండి.

ఊహించిన సంఖ్యలతో ఒక లెక్క చేద్దాం. చిత్రంలో ఒకచోట నాలుగు తీవ్రతలు వరుసగా 180, 130, 40, 90 వచ్చాయి. అప్పుడు స₀ = 220, స₁ = 140, స₂ = 40. ధ్రువణ స్థాయి 0.66, ధ్రువణ దిశ 8°. మరొకచోట 206, 202, 194, 198 వచ్చాయి. ఇక్కడ స₀ = 400, స₁ = 12, స₂ = 4. ధ్రువణ స్థాయి 0.03, దిశ 9°. మొదటిది లంబ, సమాంతర అంశాల మధ్య సుమారు 5 నిష్పత్తిని, రెండోది సుమారు 1.07 నిష్పత్తిని సూచిస్తున్నాయి. నిష్పత్తి కావాలంటే 1 కి ధ్రువణ స్థాయిని కలిపి, 1 నుంచి దాన్ని తీసివేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. పతన కోణం 40° అని ముందే తెలిస్తే మొదటిది రోధకం, రెండోది లోహం అనడానికి ఆధారం ఉంది. రెండోచోట ప్రకాశం ఎక్కువ ఉండటం కూడా లోహం వైపే మొగ్గుతోంది గాని, దాని మీద ఆధారపడకండి. దీపాన్ని కాస్త జరిపితే అది మారిపోతుంది.

ఇక్కడ నాలుగు కొలతల నుంచి మూడు పరామితులే తీశాం, ఒక కొలత మిగులు. అది వృథా కాదు. తీ₀ + తీ₉₀, తీ₄₅ + తీ₁₃₅ రెండూ మొత్తం తీవ్రతకే సమానం కావాలి. పై రెండు ఉదాహరణల్లో సరిచూడండి: 220 = 220, 400 = 400. ఈ సమానత తప్పితే ఆ బిందువు దగ్గర వచ్చిన ధ్రువణ స్థాయిని నమ్మకూడదు. చాలామంది ఈ సరిచూపును వదిలేస్తారు. వదలకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1: నాలుగు తీవ్రతలు 100, 60, 20, 60. ధ్రువణ స్థాయి, దిశ, నిష్పత్తి ఎంత? (జవాబు: 0.67, 0°, 5.)

సంఖ్య ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది?

ముందుగా కోణం సంగతి. ఇంతకు ముందు గాజు గుణకం 1.5 తీసుకున్నాం. అక్రిలిక్ ప్లాస్టిక్ గుణకం సుమారు 1.49, పీవీసీ గుణకం సుమారు 1.53. 40° దగ్గర ఈ మూడింటి నిష్పత్తులు లెక్కిస్తే గాజుకు 5.4, అక్రిలిక్‌కు 5.5, పీవీసీకి 5.2 వస్తాయి. తేడా ఉన్న మాట నిజం. ఇప్పుడు అదే గాజును ఒక్క డిగ్రీ వంచి 41° దగ్గర లెక్కించండి, నిష్పత్తి 6.1 అవుతుంది. ఒక డిగ్రీ వంపు తెచ్చిన మార్పు ఒక పదార్థం నుంచి మరొక పదార్థానికి ఉన్న తేడా కన్నా ఎన్నో రెట్లు పెద్దది. బుడగలా వంగిన ప్లాస్టిక్ మీద ప్రతి బిందువుకూ కోణం వేరు. కాబట్టి ఒక్క చిత్రంలోని పరావర్తన ధ్రువణాన్ని చూసి "ఇది పీవీసీ, ఇది గాజు" అని పేరు పెట్టడం సాధ్యపడే పని కాదు. ఇలాంటి కెమెరాల గురించి చెప్పేటప్పుడు "పదార్థాన్ని గుర్తిస్తుంది" అనే మాట తేలికగా వాడేస్తుంటారు. నిజానికి కెమెరా కొలిచేది పరావర్తనంలోని అసమానతను. దాని నుంచి లోహమా, రోధకమా అనే వర్గీకరణ మనం చేస్తున్న ఊహ. ఆ ఊహ తరచుగా మంచిదే, కాని అది కొలత కాదు.

తర్వాతది ఉపరితలం నునుపు, రంగు. ఇంతవరకు క్రమ పరావర్తనం గురించే మాట్లాడాం. ప్లాస్టిక్ మీద పడిన కాంతిలో అధిక భాగం లోపలికి వెళ్ళి, అక్కడి రేణువుల మీద పరిక్షేపణం చెంది, మళ్ళీ బయటికి వస్తుంది. మనం చూసే రంగు ఈ కాంతిదే. లోపల అనేకసార్లు చెదిరిపోవడం వల్ల దీనికి ధ్రువణం దాదాపుగా ఉండదు. ఉన్న కొద్దిపాటి ధ్రువణం కూడా పతన తలానికి సమాంతరంగా, అంటే మెరుపులోని ధ్రువణానికి అడ్డంగా ఉంటుంది. ఇది మెరుపుతో కలిసి ధ్రువణ స్థాయిని పలచన చేస్తుంది.

ఎంత పలచన? మెరుపులో లంబ అంశం 8, సమాంతర అంశం 1.5 అనుకుందాం. నల్లని ప్లాస్టిక్ లోపలి నుంచి ఒక్కో అంశానికి 1 మాత్రమే చేరుతుంది, అప్పుడు 9, 2.5 అవుతాయి, ధ్రువణ స్థాయి 0.57. అదే ప్లాస్టిక్ తెల్లనిదైతే ఒక్కో అంశానికి 20 చేరుతుంది అనుకోండి, 28, 21.5 అవుతాయి, ధ్రువణ స్థాయి 0.13. పదార్థం మారలేదు, నునుపు మారలేదు, కలిపిన రంగు పొడి ఒక్కటే మారింది. ముదురు ఉపరితలాలు ఎక్కువ ధ్రువణాన్ని చూపిస్తాయన్న ఈ విషయాన్ని రష్యన్ భౌతిక శాస్త్రవేత్త నికొలాయ్ ఉమోవ్ 1905లో చెప్పాడు. చంద్రుడి వంటి దూర గోళాల ఉపరితలాలను అధ్యయనం చేసేవారికి ఇది ఎంతో ఉపయోగపడే సూత్రం. మన ప్యాకింగ్ లైనులో మాత్రం ఇది ఉచ్చు. నల్ల ప్లాస్టిక్ నమూనాలతో గీత గీసుకున్న కెమెరా ముందుకు తెల్ల ప్లాస్టిక్ వస్తే అది లోహం వైపు జరిగినట్టు కనిపిస్తుంది.

మూడోది పొరల సంగతి. రేకు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అతికి ఉందనుకోండి. పై పొర నుంచి వచ్చే మెరుపు కొద్దిపాటిది, బాగా ధ్రువితమైనది. పొరను దాటి వెళ్ళి రేకు నుంచి తిరిగివచ్చే కాంతి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, ధ్రువణం లేనిది. రెండూ కలిస్తే నిష్పత్తి 1 దగ్గరకే వస్తుంది. చేతితో తాకితే ప్లాస్టిక్, కెమెరాకు లోహం! ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ప్రశ్న సరిగా వేయలేదంతే. వార్నిష్ పూసిన లోహానికీ ఇదే వర్తిస్తుంది. లోపలికి కాంతి దాటనివ్వని దట్టమైన రంగు పూస్తే మాత్రం కథ తిరగబడి, లోహపు డబ్బా రోధకంలా కనిపిస్తుంది.

నాలుగోది అతి ప్రకాశం. ఇది భౌతిక శాస్త్రంలోది కాదు, కొలిచే పనిలోది. అయినా పదార్థాన్ని అన్నింటికన్నా దారుణంగా తారుమారు చేసేది ఇదే. సెన్సర్ 255 వరకే లెక్కపెట్టగలదు అనుకుందాం. ప్లాస్టిక్ మెరుపు దగ్గర అసలు తీవ్రతలు 400, 240, 80, 240. నిజమైన ధ్రువణ స్థాయి 0.67. సెన్సర్ మొదటిదాన్ని 255 అని నమోదు చేస్తుంది, లెక్క 0.52 కి పడిపోతుంది. ఇక్కడ మన సరిచూపు కాపాడుతుంది: 255 + 80 = 335, కాని 240 + 240 = 480. దీపం ఇంకా పెంచితే నాలుగూ 255 కి చేరతాయి. అప్పుడు ధ్రువణ స్థాయి సున్నా, సరిచూపులో 510 = 510. అంతా సక్రమంగా ఉన్నట్టే కనిపిస్తూ, ప్లాస్టిక్ మెరుపు పరిపూర్ణమైన లోహంగా నమోదవుతుంది. కాబట్టి సరిచూపుతో పాటు, ఏ పిక్సెల్ అయినా గరిష్ఠ విలువను తాకిందేమో కూడా చూడాలి. తాకితే ఆ బిందువును లెక్కలోంచి తీసేయడం మేలు.

అంచుల దగ్గర మరో చిన్న చిక్కు ఉంది. నాలుగు పిక్సెళ్లు చూసేది ఖచ్చితంగా ఒకే బిందువును కాదు, పక్కపక్క బిందువులను. నలుపు తెలుపు కలిసే గీత వాటి మధ్యగా పోతే లేని ధ్రువణం పుట్టుకొస్తుంది. ఆరుబయట అయితే ఆకాశపు నీలి కాంతి తానే ధ్రువితమై ఉంటుంది, సూర్యుడికి 90° దూరంలో ఉన్న ఆకాశ భాగంలో అది బలంగా ఉంటుంది. స్టీలు పళ్ళెం ఆ కాంతిని యథాతథంగా తిప్పి పంపి, గాజులా నటించగలదు. ఇంకా, స్టోక్స్ నాలుగో పరామితిని, అంటే వర్తుల ధ్రువణాన్ని, ఈ సెన్సర్ ఒంటరిగా కొలవలేదు. ముందు తగిన దశాభేద ఫలకం పెట్టాలి.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

ప్రయోగశాలకు దూరంగా చదువుకుంటున్న మీకు ఈ పాఠం ఒక వెసులుబాటు ఇస్తుంది. ధ్రువణ కళ్ళజోడు ఒకటి సంపాదించండి. అన్ని నల్ల కళ్ళజోళ్ళూ ధ్రువణకారులు కావు. ల్యాప్‌టాప్ ఎల్సీడీ తెర ముందు పట్టుకుని తిప్పి చూడండి, ఒక స్థితిలో తెర నల్లబడితే అది పనికొస్తుంది.

నున్నటి పింగాణీ టైల్‌ను, స్టీలు పళ్ళేన్ని పక్కపక్కన పెట్టి, ట్యూబులైటు ప్రతిబింబం రెండింటిలోనూ కనిపించేలా నిలబడండి. మీ చూపు టైల్ తలంతో సుమారు 35° చేయాలి, అంటే పతన కోణం సుమారు 55°. అద్దాన్ని కంటి ముందు నెమ్మదిగా తిప్పండి. టైల్‌లోని ప్రతిబింబం ఒక స్థితిలో బాగా మసకబారుతుంది, పళ్ళెంలోనిది దాదాపు అలాగే ఉంటుంది. ఇప్పుడు తల ఎత్తి దాదాపు పైనుంచి నిట్టనిలువుగా చూస్తూ మళ్ళీ తిప్పండి. టైల్ కూడా పళ్ళెంలాగే మారకుండా ఉంటుంది. పట్టికలోని 10° వరుసను మీరు కళ్ళారా చూసినట్టే.

రెండో ప్రయోగం పరావర్తనంతో కాదు, కాంతి దాటడంతో. తెర మీద తెల్లని పుట తెరిచి, కళ్ళజోడు తిప్పి తెరను నల్లగా చేయండి. మధ్యలో మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా పెట్టండి. రంగురంగుల పట్టీలు కనిపిస్తాయి. తీసేసి మామూలు గాజు గ్లాసు పెట్టండి, నలుపు చాలావరకు నలుపుగానే ఉంటుంది. సీసాను తయారుచేసేటప్పుడు ప్లాస్టిక్‌ను సాగదీసి ఊదుతారు. పొడవాటి అణువులు ఒక దిశలో వరుసకట్టడం వల్ల ఆ ప్లాస్టిక్ ద్వివక్రీభవనం చూపుతుంది, దాన్ని దాటిన కాంతి ధ్రువణ స్థితి మారుతుంది. నెమ్మదిగా చల్లార్చిన గాజులో అలాంటి వరుస లేదు. పరావర్తనంలో విడదీయడం కష్టమైన గాజు, ప్లాస్టిక్ ఇక్కడ ఒక్క చూపులో విడిపోయాయి. అయితే ఇక్కడ కూడా మనం చూస్తున్నది పదార్థం పేరును కాదు, దాని తయారీ చరిత్రను. కారు కిటికీకి వాడే గట్టిపరచిన గాజులో లోపలే ఒత్తిడి బంధించి ఉంటుంది, కనుక అది కూడా మచ్చలు చూపిస్తుంది. అచ్చు పోసిన కొన్ని అక్రిలిక్ పలకలు దాదాపు ఏమీ చూపించవు.

మళ్ళీ మాత్రల పట్టీ దగ్గరకు

ఇన్ని చిక్కులున్నా పరిశ్రమలో ఈ సెన్సర్లు పనికొస్తున్నాయి. కారణం, అక్కడ చాలా విషయాలు ముందే తెలిసి ఉంటాయి. దీపం ఎక్కడుందో తెలుసు, కెమెరా ఎక్కడుందో తెలుసు, పట్టీ ఏ కోణంలో వస్తుందో తెలుసు, దాని మీద రెండే రెండు పదార్థాలున్నాయని తెలుసు. "ఇది ఏమిటి?" అనే ప్రశ్న "ఈ రెండింటిలో ఏది?" అనే ప్రశ్నగా కుదించుకుపోతుంది. ప్రశ్నను ఎంత కుదించగలిగితే ధ్రువణం అంత నమ్మకంగా జవాబిస్తుంది.

కాబట్టి ఆ లైనును మీరే అమర్చాలంటే పతన కోణాన్ని 45°, 60° మధ్య బిగించండి. ధ్రువణం లేని, వెడల్పాటి కాంతి జనకాన్ని వాడండి, లేకపోతే బుడగ వంపు మీద మెరుపు ఒక చుక్కగానే మిగులుతుంది. మీ దగ్గర వాడే ప్లాస్టిక్‌తోనూ, మీ దగ్గర వాడే రేకుతోనూ ముందే నమూనాలు తీసి, రెండు వర్గాల ధ్రువణ స్థాయిలు ఎక్కడెక్కడ పరుచుకుంటున్నాయో చూడండి. వాటి మధ్య గీత గీసేటప్పుడు సరిగ్గా నడిమధ్యన గీయవలసిన పని లేదు. రేకు తునకను వదిలేయడం మంచి పట్టీని పారేయడం కన్నా ప్రమాదం కనుక, గీతను ప్లాస్టిక్ వైపు జరపాలి. సందేహం కలిగించే బిందువులు రేకు ఖాతాలోకి పోతాయి. ఎన్ని మంచి పట్టీలు బలి అవుతాయన్నది లెక్కించి, యాజమాన్యం ముందు పెట్టవలసిన సంఖ్య. అది భౌతిక శాస్త్రం నిర్ణయించేది కాదు.

ఏ ప్లాస్టిక్ అన్నది తెలియాలంటే మాత్రం దారి వేరు. సమీప పరారుణ కాంతిలో ఒక్కో ప్లాస్టిక్ ఒక్కో తరంగదైర్ఘ్యాల దగ్గర శోషిస్తుంది. చెత్తలోని ప్లాస్టిక్‌లను వేరుచేసే యంత్రాలు ఆ పద్ధతినే వాడతాయి. ధ్రువణ కెమెరాను దానికి పోటీగా కాక, పక్కన నిలబడే సాక్షిగా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2: ఒక పట్టీ చిత్రంలో మూడు బిందువుల దగ్గర తీవ్రతలు ఇవి. పతన కోణం 50°, సెన్సర్ గరిష్ఠ విలువ 255.

మొదటి బిందువు: 150, 90, 50, 140
రెండో బిందువు: 255, 255, 255, 255
మూడో బిందువు: 120, 72, 16, 64

ఏ బిందువు గురించి ఏం చెప్పగలరు?

జవాబు: మొదటి బిందువు దగ్గర 150 + 50 = 200, 90 + 140 = 230. సరిచూపు తప్పింది, బహుశా అంచు మీద పడింది. వర్గీకరించవద్దు. రెండో బిందువు దగ్గర నాలుగూ గరిష్ఠం. ధ్రువణ స్థాయి సున్నా అని రాసి లోహం అంటే మార్కులు రావు. ప్రకాశం తగ్గించి మళ్ళీ చిత్రం తీయాలి, లైను ఆపడం కుదరకపోతే ఆ పట్టీని పక్కన పెట్టాలి. మూడో బిందువు దగ్గర 136 = 136. స₁ = 104, స₂ = 8, ధ్రువణ స్థాయి 0.77, నిష్పత్తి సుమారు 7.6. అద్దంలా నున్నటి గాజు లేదా ప్లాస్టిక్‌కు 50° దగ్గర రావలసిన దానికన్నా ఇది తక్కువే, కొంత పరిక్షేపిత కాంతి కలిసి ఉండవచ్చు. అయినా అల్యూమినియానికి ఆ కోణంలో ఇంత నిష్పత్తి రాదు. అది ప్లాస్టిక్ మెరుపు, రేకు కాదు.